కరివర్ధన్‌గారి చిన్న ఇంజనూ, మన పిల్లల పెద్ద ఇంజెక్టరూ

మనం ఇంట్లో తెలుగు, బడిలో తమిళం నేర్చినవాళ్లం. కోయంబత్తూరు మోటారు చరిత్రలో మనవాళ్ల పాలు మన పిల్లలకు మనమే చెప్పాలి.

1920లో జి.డి.నాయుడుగారు పొల్లాచ్చి–పళని దారిలో ఒక్క బస్సుతో మొదలుపెట్టారు. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన కరివర్ధన్‌గారు 1988లో ఫార్ములా మారుతి రేసు కారు తెచ్చారు. అందులో ఉన్నది మన వీధుల్లో తిరిగిన మారుతి 800 ఇంజనే: మూడు సిలిండర్లు, 796 సీసీ, కార్బురేటరు. ఖర్చు తగ్గింది, ఎందరో కుర్రవాళ్లకు పోటీ అందింది. 1995లో విమాన ప్రమాదంలో ఆయన పోయారు. చెట్టిపాళయం ట్రాకుకు ఆయన పేరే పెట్టారు.

తర్వాత కార్బురేటరు చోటికి ఇంజెక్టర్లు వచ్చాయి. ఇంజను మార్పించే మన పిల్లలు పెద్ద ఇంజెక్టరు వేస్తే వేగం వస్తుందనుకుంటారు. లెక్క వేరు. అదే మూడు సిలిండర్ల ఇంజను 60 హార్స్‌పవర్ ఇవ్వాలంటే నిమిషానికి సుమారు 315 సీసీ పెట్రోలు కావాలి. మూడు ఇంజెక్టర్లకు పంచితే తలా 105. ఇంజెక్టరు నూటికి 80 పాళ్ల సేపే తెరిచి ఉండేలా చూసుకోవాలి, కాబట్టి 131 సీసీది చాలు. మరీ పెద్దదైతే కారు నిలిచి ఉన్నప్పుడు కొలత కుదరదు, మిగిలిన పెట్రోలు సిలిండరు గోడ మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. చిన్నదైతే పెట్రోలు చాలక పిస్టన్ కాలుతుంది.

ఉన్న చిన్న ఇంజనుతోనే పెద్ద పని చేయించారు కరివర్ధన్‌గారు. డబ్బు పోయకముందు లెక్క వేయమని మన పిల్లలకు చెబుదాం.