నూలు తెచ్చుకున్న దారులు: దొడ్డబళ్ళాపురం నేతవారి చరిత్రలో ఒక పేజీ

మన కులపురాణంలో ఒక సంగతి ఎవరూ అంతగా పట్టించుకోరు. దేవలమహర్షి దేవతలకు బట్ట నేయాలి. మగ్గం సరే, దారం లేదు. దాని కోసం విష్ణుమూర్తి దగ్గరకు ప్రయాణమై, నాభికమలం తంతువులు అడిగి తెచ్చుకున్నాడు. తిరిగి వస్తుంటే దారిలో రాక్షసులు పడ్డారు. అప్పుడు చౌడేశ్వరమ్మ వచ్చి కాపాడింది. పద్మశాలీల కథలో భావనాఋషికి కూడా నూలు తామరలోంచే వచ్చింది. దారం కోసం ఊరు దాటిపోవడం, తెచ్చుకునేటప్పుడు దోపిడీ భయం, ఇవి రెండూ మనకు మూలపురుషుడి నాటి నుంచీ ఉన్నాయన్నమాట. దండం పెట్టుకుని కథ మూసేస్తాం గానీ, దొడ్డబళ్ళాపురం నేతగాడి బతుకు చాలావరకు అందులోనే ఉంది.

మగ్గాల గురించి, చీరల గురించి, సంఘాల గురించి ఇలాంటి సంచికల్లో పెద్దలు చాలా రాశారు. మేము నూలంగడి గురించి రాస్తున్నాం. నూలు ఎవరి చేతిలో ఉందో మగ్గం వాళ్ళ మాటే విన్నది, ఏ కాలంలోనైనా.

ముందు పాతకాలం సంగతి. టిప్పు సుల్తాను 1799లో పడిపోయాక, ఈస్టిండియా కంపెనీ పంపగా ఫ్రాన్సిస్ బుకానన్ అనే డాక్టరు మైసూరు సీమంతా తిరిగి చూశాడు. 1800లో బెంగళూరు చూసుకుని మన బళ్ళాపురం వైపు కూడా వచ్చాడు. ఆయన పుస్తకం 1807లో లండన్‌లో అచ్చయింది. బెంగళూరు నేతవాళ్ళను లెక్కపెడుతూ దేవాంగుల్లో కన్నడంవారిని, తెలుగువారిని వేరువేరుగా చెప్పాడు, తొగటవారినీ చెప్పాడు. మనకు కావలసింది నూలు గురించి ఆయన రాసిన మాట. వారం వారం సంతలో పేద ఆడవాళ్ళు దూది కొంచెం కొంచెంగా కొనుక్కుని, ఇంట్లో వడికి, మళ్ళీ సంతకే తెచ్చి ఆ నూలు నేతవాళ్ళకు అమ్మేవాళ్ళట. బ్రాహ్మణులు తప్ప అన్ని కులాల ఆడవాళ్ళూ వడికేవాళ్ళని రాశాడు. అంటే అప్పుడు అంగడి లేదు, సంతే అంగడి. అమ్మేది వడికిన మనిషే. నూలు బాగాలేకపోతే వచ్చే వారం ఆమె మొహం మీదే చెప్పవచ్చు. నేతగాడికీ నూలుకూ మధ్య ఇంకో మనిషి లేని కాలం అది. అంత సుఖం మనకు మళ్ళీ రాలేదు.

ఆ సంత విరగడానికి రెండు కారణాలు. 1880ల్లో బెంగళూరులోనే నూలు మిల్లులు లేచాయి. 1890ల్లో యశవంతపురం నుంచి మన ఊరి మీదుగా హిందూపురం వైపు రైలు పడింది. మిల్లునూలు సన్నం, నునుపు, ధర తక్కువ. రాట్నాలు అటకెక్కాయి, వడికే ఆడవాళ్ళ కూలి పోయింది. నేతగాడు మొదటిసారి అంగడి మెట్టు ఎక్కాడు. రైలు వచ్చినందువల్ల అటు హిందూపురం, ధర్మవరం, ఇటు బెంగళూరు పేటలు దగ్గరయ్యాయి. చిక్కపేట, నగరత్‌పేట, కబ్బన్‌పేట వీధులు మా తాత ముత్తాతలకు సొంత ఊరి వీధుల్లాగే తెలుసు. పొద్దున పోయి, నూలు మూట భుజాన వేసుకుని చీకటిపడేలోపు ఇల్లు చేరేవాళ్ళు.

మిల్లునూలుతోపాటు లెక్క కూడా వచ్చింది. చిలప అంటే 840 గజాలు. పౌను బరువుకు ఎన్ని చిలపలు తూగితే అది అన్నో నంబరు నూలు. 40 నంబరు అంటే పౌనుకు 40 చిలపలు, 10 పౌన్ల కట్టలో 400. చదువు రాని అవ్వలు కూడా ఈ లెక్క నోటితో చెప్పేవాళ్ళు. చెప్పక తప్పదు మరి. చిలపలో గజాలు తగ్గితే పడుగు తగ్గుతుంది, ఆసు పోసేటప్పుడే దొంగతనం బయటపడుతుంది. కానీ అప్పటికి డబ్బు ఇచ్చేసి ఉంటాం.

పట్టు సంగతి వేరే. మైసూరు సీమలో పట్టుపురుగుల పెంపకానికి టిప్పు ఊతమిచ్చాడని అందరికీ తెలుసు. ఆ తర్వాత సిడ్లఘట్ట, విజయపుర, రామనగర మన చుట్టూ పట్టు ఊళ్ళయ్యాయి. పట్టుకు పుట్టిల్లు పక్కనే ఉన్నా, కొనేటప్పుడు మెలకువ లేకపోతే మునిగినట్టే. ముడిపట్టులో జిగురు ఉంటుంది, ఉడకబెడితే బరువులో 20 నుంచి 25 వంతు శాతం పోతుంది. కిలో కొన్నవాడికి చేతికి వచ్చేది ముప్పావు కిలో, మహా అయితే 800 గ్రాములు. పైగా పట్టు గాలిలోని తేమను పీలుస్తుంది. వ్యాపార లెక్కలోనే 11 శాతం తేమ ఒప్పుకుంటారు. వానాకాలంలో తడి గోడ పక్క పెట్టిన పట్టు తూకానికి ఎక్కువ వస్తుందని అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. అందుకే పెద్దవాళ్ళు తూకం కంటే ముందు చేతిని నమ్మేవాళ్ళు. చిట్టాన్ని పిండి వదిలి చూస్తారు. ఒక పోగు తీసి చెవి దగ్గర తెంచి ఆ చప్పుడు వింటారు. అనుమానముంటే అగ్గిపుల్ల గీసేవాళ్ళు. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడవుతుంది. రేయాన్ అయితే కాగితం కాలినట్టు. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసవుతుంది. అంగడివాడి ఎదుటే పోగు కాల్చడం మర్యాద కాదని కొందరు అంటారు. మా లెక్క ప్రకారం నిజాయితీగా అమ్మేవాడు అగ్గిపెట్టె తనే చేతికిస్తాడు.

రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి నూలు బంగారమైంది. 1941లో కేంద్ర ప్రభుత్వం పి.జె. థామస్ అధ్యక్షతన చేనేత, మిల్లుల మీద నిజనిర్ధారణ సంఘం వేసింది. మిల్లు గేటు దాటిన నూలు నేతగాడి గడప చేరేలోపు ఎన్ని చేతులు మారుతుందో, చేతికొక లాభం ఎలా కలుస్తుందో ఆ సంఘం తేల్చి చెప్పింది. మనకది కొత్త విషయం కాదు, అయితే మొదటిసారి సర్కారు కాగితం మీద పడింది. 1943లో బట్టకూ నూలుకూ కంట్రోలు ఉత్తర్వు వచ్చింది. లైసెన్సు ఉన్నవాడే అమ్మాలి, కోటా ఉన్నవాడికే దొరకాలి. సహకార సంఘాల మాట చాలా ఊళ్ళలో గట్టిగా వినబడింది ఆ కాలంలోనే. సంఘంలో పేరుంటే నూలు వస్తుంది, లేకపోతే లేదు. సంఘాలు ఆశయంతో పుట్టాయని సభల్లో చెప్పుకుంటాం. నూలు కరువుతో కూడా పుట్టాయి.

స్వాతంత్ర్యం తర్వాత మన ఊరి ముఖం మార్చింది కరెంటు మగ్గం, దాంతోపాటు ఆర్ట్ సిల్కు. అంతకుముందు రేయాన్ దారం జపాను, ఇటలీల నుంచి ఓడల్లో వచ్చేది. 1950లో కేరళలోని పెరుంబావూరు దగ్గర ట్రావన్‌కోర్ రేయాన్స్ మన దేశంలోనే దారం తీయడం మొదలుపెట్టింది. కరెంటు మగ్గానికి చిలప పనికిరాదు, కోను కావాలి, బీము కావాలి. పురి వేసే మిషన్లు వచ్చాయి, వార్పు వేసేవాళ్ళు వేరే అయ్యారు, రంగు వేసేవాళ్ళు వేరే. ఇంట్లో అందరూ కలిసి చేసే పని ముక్కలై వీధుల్లోకి పోయింది. ఆడవాళ్ళకు మిగిలింది కండెలు చుట్టడం. తర్వాత పాలిస్టర్ వచ్చింది, సూరత్ నుంచి జరీ వచ్చింది, చివరికి సూరత్ నుంచి చీరే వచ్చి మన చీర పక్కన నిలబడింది.

ఈ మార్పులో అన్నిటికంటే పెద్ద దెబ్బ ఏదంటే, నూలు కొనేవాడు నూలు తీసుకునేవాడు అయిపోవడం. ఈ రెండు మాటలకు తేడా నేతింట్లో పుట్టినవాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. సొంతంగా కొనేవాడు అంగడిలో నిలబడి రంగు ఎంచుతాడు, బేరమాడతాడు, నచ్చకపోతే పక్క అంగడికి పోతాడు. కూలి మగ్గంవాడు యజమాని ఇచ్చిన బీమూ కోనులూ ఎత్తుకుని వస్తాడు. నూలు తూకం వేసి ఇస్తారు, చీర తూకం వేసి తీసుకుంటారు, మధ్యలో తరుగు ఇంత అని ఒప్పందం. తరుగు దాటితే కూలిలో కోత. నూలే నాసిరకమై పోగులు తెగితే ఆ తప్పు నూలుది కాదు, నేసినవాడిది అవుతుంది. అప్పు ఖాతా ఒకటి ఉంటుంది, అది తీరదు. అప్పు తీరని మగ్గం ఇంకో యజమాని నూలు ఎక్కించకూడదు. సొంత మగ్గం ఇంట్లో ఉండి కూడా, ఏ రంగు చీర నేయాలో చెప్పే హక్కు లేనివాళ్ళు మన వీధుల్లో ఎంతమందో. యజమానులూ చాలావరకు మనవాళ్ళే కాబట్టి ఈ మాట సంచికల్లో అచ్చవదు. ఈసారి అవుతుందని అనుకుంటున్నాం.

సర్కారు ఊరికే కూర్చోలేదు. 1959లో మైసూరు రాష్ట్రం పట్టుగూళ్ళకూ పట్టుదారానికీ చట్టం చేసింది. తర్వాత గూళ్ళ వేలం మార్కెట్లు, బెంగళూరులో రేష్మె ఎక్స్ఛేంజి, 1979లో కర్ణాటక సిల్క్ మార్కెటింగ్ బోర్డు వచ్చాయి. 1983లో జాతీయ చేనేత అభివృద్ధి సంస్థ పెట్టి, 1990ల్లో మిల్లు ధరకే నూలు ఇచ్చే పథకం తెచ్చారు. చేనేతకు నూలు కరువు రాకూడదని మిల్లులు కొంత నూలు తప్పనిసరిగా చిలపల్లో కట్టాలన్న రూలు ఉంది. ఆ వంతు 50 శాతం ఉండేది, 2003లో 40కి, 2019లో 30కి దించారు. 1985లో కొన్ని రకాల బట్టలు చేమగ్గానికే కేటాయిస్తూ పార్లమెంటు చట్టం చేసింది, 1993లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఇవన్నీ న్యాయమైనవే. చేమగ్గం బతకాలి. కానీ దొడ్డబళ్ళాపురంలో చేమగ్గం వదిలి నాలుగు కరెంటు మగ్గాలు పెట్టుకున్న కుటుంబం ఈ పథకాల్లో ఎక్కడుంది? పెద్ద మిల్లువాళ్ళ దృష్టిలో చిన్నవాడు, చట్టం దృష్టిలో చేనేతకు పోటీదారు. మన ఊరి నుంచి శాసనసభకు గెలిచిన ఆర్.ఎల్. జాలప్పగారు 1996లో కేంద్ర జౌళిశాఖ మంత్రి అయినప్పుడు ఊళ్ళో పెట్టుకున్న ఆశకు ఈ ఇరుకు కూడా కారణమే.

చైనా పట్టు గురించి రాయకపోతే ఈ చరిత్ర సగమే. చైనా దారం సమంగా ఉంటుంది, కరెంటు మగ్గం వేగానికి తట్టుకుంటుంది, పడుగులో తక్కువ తెగుతుంది. అందుకే పడుగు చైనాది, పేక సిడ్లఘట్టది అన్న వాడుక వచ్చింది. అది చౌకగా వస్తే మన పక్క పల్లెల్లో మల్బరీ తోట పీకేస్తారు, ప్రియమైతే మన మగ్గం ఆగుతుంది. 2003లో దాని మీద డంపింగ్ నిరోధక సుంకం వేశారు. 2011 బడ్జెట్‌లో ముడిపట్టు దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి ఒక్కసారిగా 5కి దించారు, రైతులు రోడ్డెక్కారు. 2013లో 15కి పెంచారు. ఢిల్లీలో అంకె మారిన ప్రతిసారీ, రైతు ఏడిస్తే నేతగాడు ఊపిరి పీల్చుకున్నాడు, నేతగాడు ఏడిస్తే రైతు. ఇద్దరూ ఒకే తాలూకావాళ్ళు, ఒకే ఘాటి సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకునేవాళ్ళు. ఇద్దరికీ సరిపడే అంకె ఒకటి ఉంటుందని, రైతు సంఘాలూ నేత సంఘాలూ ఒక గదిలో కూర్చుంటేనే అది తెలుస్తుందని మా అభిప్రాయం.

2017లో జీఎస్‌టీ వచ్చినప్పుడు కృత్రిమ దారం మీద 18 శాతం వేశారు, ఆ అక్టోబరులోనే 12కి తగ్గించారు, 2025 సెప్టెంబరులో 5కి. బిల్లు లేని చిన్న అంగడి నుంచి కొనే అలవాటు దీంతో చాలావరకు పోయింది. బిల్లు పుస్తకం నిర్వహించలేని ముసలి అంగడివాళ్ళు కొందరు తలుపు వేసేశారు. నూలుతోపాటు వాళ్ళ దగ్గర దొరికే సలహా, పెండ్లికి చేబదులు కూడా పోయాయి. వాళ్ళనూ ఊరికే పొగడలేం, వడ్డీ బాగానే వేసేవాళ్ళు.

ఇప్పుడు నూలు ధర పొద్దున్నే వాట్సాప్‌లో వస్తుంది. రంగు ఫోటో చూసి ఆర్డరు పెడితే కోనులు టెంపోలో ఇంటికి దిగుతాయి. 10 హెచ్.పి. దాకా రాష్ట్రం కరెంటు ఉచితం చేసింది. ఆ మేలు మరువలేం. కానీ చీర ఖర్చులో పెద్ద వంతు నూలుదే, దాని ధర మన చేతిలో లేదు. కండెలు చుట్టిన ఆడపిల్లలు అపారెల్ పార్కు బస్సు ఎక్కుతున్నారు. అక్కడ నెల జీతం, పి.ఎఫ్. ఉన్నాయి. వద్దని చెప్పే నోరు మాకు లేదు.

చివరగా ఒక మనవి. పాత నూలంగడి ఖాతా పుస్తకాలు, కంట్రోలు కాలం కోటా కార్డులు, సంఘం రసీదులు, చిలప కట్టల మీద మిల్లు బొమ్మ చీటీలు మన అటకల మీద ఇంకా ఉన్నాయి. గుజిరీవాడికి తూకానికి వేయకండి. ఫోనుతో ఒక్కొక్క పేజీ ఫోటో తీసి, ఏ వీధి, ఏ కాలం అన్నది రాసి ఒక్కూట కార్యాలయానికి పంపండి. ఎవరి అప్పు ఎంత అన్నది బయటపడుతుందని మొహమాటం ఉంటే పేర్లు కాగితంతో మూసి తీయండి. ధరలూ తూకాలూ తేదీలూ కనబడితే చాలు.