చప్పుడు చెయ్యని పెట్టె

మా అత్తగారికి 78 ఏళ్ళు. ఆవిడకి వచ్చిన పెళ్ళిపాటలూ, మంగళహారతులూ ఏ పుస్తకంలోనూ లేవు. ఆవిడ నోట్లోనే ఉన్నాయి. వాటిని రికార్డు చేద్దామని మా ఆడపడుచు కూతురు తన పాత కంప్యూటరు తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. అప్పగింతల పాట సగంలో ఉండగా అత్తగారు చటుక్కున ఆగి, "ఏవిటే అమ్మాయ్, లోపల ఎలక కొరుకుతోందీ?" అన్నారు.

ఎలక కాదు, హార్డ్ డిస్కు! ఆ గరగరంతా పాటలోకి ఎక్కేసింది. మర్నాడు అది దాన్ని తీసేసి అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దదేదో బిగించింది. "ఇది ఎస్.ఎస్.డి. అత్తయ్యా! తిరిగేదేమీ ఉండదు, చప్పుడూ ఉండదు" అంది. ఇదేం వింతా అని ఆరా తీస్తే పెద్ద కథే బయటపడింది.

పాటని పట్టి దాచుకోవాలన్న పిచ్చి ఈనాటిది కాదు. 1877లో ఎడిసన్ తగరపు రేకు మీద గొంతుని ముద్ర వేసి తిరిగి వినిపించాడు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోను రికార్డులకి పాడింది. మైకులు లేని రోజులవి. పెద్ద గరాటులోకి గొంతెత్తి పాడాలి. ఎంత గొప్ప గాయని అయినా సుమారు 3 నిమిషాల్లో ముగించాలి. పాట చివర తన పేరు తనే ఇంగ్లీషులో చెప్పుకునేది. పాట చెప్పినట్టు పెట్టె వినడం కాదు, పెట్టె చెప్పినట్టు పాట వినాలన్నమాట!

1935లో బెర్లిన్ ప్రదర్శనలో టేపురికార్డరు వచ్చింది. 1963లో కేసెట్టు పుట్టింది. పాట కాళ్ళు చాపుకుంది. కానీ టేపుకీ ఆయుర్దాయం ఉంది. మా అమ్మ గొంతున్న ఒకే ఒక్క కేసెట్టు బీరువాలో బూజు పట్టి పోయింది. ఆ జోలపాట ఇక నేను వినలేను.

తర్వాత కంప్యూటరు వంతు. 1956లో ఐ.బి.ఎం. చేసిన మొదటి హార్డ్ డిస్కు సుమారు టన్ను బరువు. సీడీ నాణ్యతతో రాస్తే అందులో అర నిమిషం పాట కూడా పట్టదు! పోనుపోను డిస్కులు చిన్నవయ్యాయి, సామర్థ్యం పెరిగింది. కానీ తిరిగే పళ్ళెం, దానిమీద అటూ ఇటూ పరుగెత్తే సూదిలాంటి చెయ్యీ అలాగే ఉన్నాయి. గొంతు ఒకసారీ, వీణ ఒకసారీ, మృదంగం ఒకసారీ విడివిడిగా రికార్డు చేసి కలిపి వినాలంటే, పాపం ఆ ఒక్క చెయ్యి అన్నిచోట్లకీ గెంతాలి. అందుకోలేకపోతే పాట తెగుతుంది.

ఈ అవస్థ తీర్చిన విద్య జపాన్‌లో పుట్టింది. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా 1984లో ఫ్లాష్ మెమరీని లోకానికి చూపించాడు. చెరపడం కెమేరా ఫ్లాష్‌లా క్షణంలో జరిగిపోతుందని తోటి ఉద్యోగి ఆ పేరు పెట్టాడట. పళ్ళెం లేదు, చెయ్యి లేదు. చిన్న చిన్న గళ్ళలో విద్యుత్తుని బంధించి ఉంచడమే. 1991లో అమ్మిన తొలినాటి ఎస్.ఎస్.డి. సామర్థ్యం 20 మెగాబైట్లు, ధర సుమారు 1000 డాలర్లు. పాట లెక్కన రెండు నిమిషాలు! గౌహర్ జాన్ మూడు నిమిషాలే నయం కాదూ?

ఇప్పుడు చవకైంది, ఇళ్ళల్లోకి వచ్చింది. దీనివల్ల పాట తియ్యదనం పెరగదు సుమండీ! పెరిగేది నిశ్శబ్దం, వేగం. ఆ నిశ్శబ్దంలో అత్తగారు అప్పగింతల పాట మళ్ళీ పాడారు. విని చూస్తే, కూతుర్ని అప్పగించే చరణం దగ్గర ఆవిడ ఊపిరి తడబడడం కూడా వినిపించింది. ఆడపడుచు కొంగుతో కళ్ళొత్తుకుంది.

అయితే ఒక మాట. కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి మూల పడేస్తే ఆ గళ్ళలో విద్యుత్తు మెల్లగా జారిపోతుంది. రాసింది చెరిగిపోవచ్చు. పాడయ్యేటప్పుడు గరగరమని హెచ్చరించదు కూడా. అందుకే ఒక నకలు మా ఇంట్లో, ఒకటి ఆడపడుచు ఇంట్లో దాచాం.

మూడో నకలు కోసం ఆ పిల్లని రోజూ సాయంత్రం అమ్మమ్మ పక్కన కూర్చోబెడుతున్నాను. నేర్చుకుంటోంది. నిన్నటికి రెండు చరణాలు వచ్చాయి.