కృష్ణా మండలమున వార్తాగోష్ఠులు

ఆధునికాంధ్ర చరిత్రను వ్రాయువారు పత్రికలను, మహాసభల నివేదికలను, నాయకుల స్వీయచరిత్రలను ఆధారములుగా గైకొనుట వాడుక. ఈ మూడును అచ్చుపడినవే. అచ్చుపడిన వార్త చదువరి చేతికి వచ్చిన పిమ్మట దానికేమి సంభవించెనన్న ప్రశ్నను మన పరిశోధకులు అంతగా పట్టించుకొనలేదు. వార్త చదివినవాడు ఊరకుండడు. అరుగుమీదికి వచ్చి పదిమందికి చెప్పును. ఒకడు నమ్మును, ఒకడు గేలిచేయును, మూడవవాడు దానిని ఊరిమాటకు ముడిపెట్టును. ఇట్టి సంభాషణమునకు తెలుగున పేళ్లకు కొదువలేదు. పిచ్చాపాటి యందుము, లోకాభిరామాయణ మందుము, ఉబుసుపోక కబుర్లందుము. ఈ పేళ్లన్నిటను ఇంచుక చులకన కలదు. ఆ చులకనయే చరిత్రకారుని కూడ ఏమార్చినదని నా యభిప్రాయము. రాజకీయమును, శాస్త్రవార్తలును, యంత్రముల వింతలును సామాన్యజనుని బుద్ధికెక్కిన తావులు చాలవరకు ఈ గోష్ఠులే గాని సభావేదికలు కావు. కృష్ణా మండలమును, అందును బందరు బెజవాడలను ఉదాహరణముగా గొని యీ విషయమును పరిశీలింతును.

మొదట నేలను గూర్చి కొంత చెప్పవలసియున్నది. బెజవాడకడ కృష్ణకు తొలి యానకట్ట 1852-55 సంవత్సరముల నడుమ కట్టబడినది. దానినుండి వెడలిన కాలువలు పైరులకే గాక పడవలకును ఉపకరించినవి. ధాన్యముతోను, ఉప్పుతోను, ప్రయాణికులతోను బాటు మాటయు ఆ నీటిపై సాగెను. పడవ ప్రయాణము తీరిక ప్రయాణము. లాకులకడ పడవలు ఆగినపుడెల్ల ఎగువ కబురును దిగువ కబురును కలిసికొనుచుండెను. పిదప రైలు వచ్చెను. నైజాము రైలుమార్గము 1889లో బెజవాడ చేరినది. కృష్ణపై రైలువంతెన 1893లో సిద్ధమైనది. 1899 నాటికి చెన్నపట్టణమునకును, 1908లో బందరునకును మార్గ మేర్పడినది. 1864 నాటి ఉప్పెనలో సుమారు 30,000 మందిని పోగొట్టుకొన్న బందరు, రేవువ్యాపారము క్షీణించినను, మండల కేంద్రముగా నిలిచినది. కచేరీలు, వకీళ్లు, పాఠశాలలు అచటనే యుండెను. వర్తకము మాత్రము రైలుకూడలి యైన బెజవాడకు తరలినది. స్థూలముగా చెప్పవలెనన్న, తీరికగల చదువరులు బందరునను, తీరికలేని బాటసారులు బెజవాడలోను ఉండిరి. ఈ రెండూళ్ల గోష్ఠులకును గల స్వభావభేదమునకు మూలమిదియే.

బందరున 1902లో కృష్ణాపత్రిక వెలసినది. కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు గార్లు దానికి మూలపురుషులు. ముట్నూరి కృష్ణారావుగారు 1907లో సంపాదకత్వము వహించి, 1945లో కీర్తిశేషులగు వరకును దానిని నడిపిరి. వారి గంభీర వ్యాసములు 'లోవెలుగులు' మొదలగు సంపుటములలో చేరియున్నవి. వానిని గూర్చి విమర్శకులు తగినంత వ్రాసియున్నారు. కాని ఆ కాలమువారి జ్ఞాపకములను చదువుచున్నపుడు సంపాదకీయములకు దీటైన స్థానము మరియొకదానికి కనబడును. అది పత్రికా కార్యాలయమున సాయంకాలములందు జరుగు 'దర్బారు'. వకీళ్లు, ఉపాధ్యాయులు, కవులు, 1910లో నెలకొన్న ఆంధ్ర జాతీయ కళాశాలకు సంబంధించినవారు, ఊరికి వచ్చిన యతిథులు అందు చేరుచుండిరి. కార్యక్రమ పత్రములేదు, అధ్యక్షుని యెన్నిక లేదు, తీర్మానములు లేవు. ఆనాటి రాజకీయము మొదలు సంగీతము, వేదాంతము, పురపాలక సంఘపు వీథిదీపముల వరకు ఏదియు నిషిద్ధము కాదు.

'దర్బారు' అనుటలోనే చమత్కార మున్నది. 1911లో చక్రవర్తికి ఢిల్లీలో మహావైభవముగా దర్బారు జరిగిన దేశమిది. ధనబలము లేని ఒక తెలుగు వారపత్రిక కచేరీకి ఆ పేరు చెల్లుటయే ఒక రాజకీయ వ్యాఖ్యగా నాకు తోచుచున్నది. అయితే ఈ గోష్ఠిని సంపాదకుని వినోదముగా మాత్రమే చూచుట పొరపాటగును. కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఆంధ్రపత్రిక 1914 ఏప్రిల్ 1వ తేదీనుండి చెన్నపట్టణమున దినపత్రికయైనది. దినపత్రిక రైలులో వచ్చుచుండగా వారపత్రిక వార్తలను చెప్పి బ్రతుకజాలదు. చదువరి అప్పటికే వార్తను చదివియుండును. వారపత్రిక చెప్పవలసినది, ఆ వార్తను గూర్చి ఏమి తలపవలెనన్నదే. అట్టి తలపు ఒంటరిగా గదిలో పుట్టదు. పదిమంది నోళ్లలో నలిగి, ఎదురుమాటలకు నిలిచి, నవ్వుల పాలుగాక మిగిలినది వారాంతమున అచ్చుకెక్కును. దర్బారు పత్రికకు అలంకారము కాదు, పనిముట్టు.

ఈ మాటకు 'వడగళ్ళు' శీర్షిక నిదర్శనము. రావూరు వెంకట సత్యనారాయణరావుగారు కృష్ణాపత్రికలో నిర్వహించిన యీ హాస్యశీర్షికలో గోష్ఠి యొక్క గొంతు స్పష్టముగా వినబడును. పేరు చక్కగా కుదిరినది. వడగల్లు చిన్నది, నెత్తిమీద తగులును, ఎవరు విసరిరో తెలియకమునుపే కరిగిపోవును. సంపాదకీయమును వ్రాసిన చేయి యొకటి, వడగళ్లను రువ్విన చేయి వేరొకటి. కాని రెండును ఒకే గదిలోని మాటలు విన్నవి. పరిశోధక విద్యార్థులు ఒకే సంచికలోని యీ రెండు రచనలను ప్రక్కప్రక్కన పెట్టి చదువుట మంచిది.

ఇచట నొక హెచ్చరిక అవసరము. దర్బారును గూర్చి మనకు మిగిలినవి దాదాపు అన్నియు అందు పాల్గొన్నవారి జ్ఞాపకములు, వానిలో పెక్కు అభిమానముతో వ్రాసినవి. పెద్దవాని చమత్కారము నిలుచును. దానికి తావిచ్చిన చిన్నవాని ప్రశ్న నిలువదు. గోష్ఠియన్నది ఇద్దరి సొత్తు గదా! ఒకని మాటలను మాత్రమే ఏరి కూర్చినచో అది గోష్ఠికి చరిత్ర కాదు, సుభాషిత సంగ్రహము.

ఇక శాస్త్రవార్తలు. 1910లో హేలీ తోకచుక్క కనబడినది. మే నెలలో భూమి దాని తోకగుండ పోవునన్న వార్తయు, ఆ తోకలో విషవాయువు కలదన్న వార్తయు ప్రపంచమంతటను భయమును కలిగించినవి. ఆ మే 6వ తేదీననే ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి మరణించెను. రాజునకు తోకచుక్క అరిష్టమని తరతరములుగా నమ్మిన దేశమున ఈ రెండు వార్తలును ఒకే వారమున అందినచో అరుగులమీద ఏ మాటలు నడచియుండునో ఊహించుట కష్టము కాదు. ఊహ యక్కరలేని సాక్ష్యమును ఒకటి కలదు. గురజాడ అప్పారావుగారి 'ముత్యాల సరములు' ఆ సంవత్సరముననే బందరునుండి వెలువడు 'ఆంధ్రభారతి'లో అచ్చయినది. అందు భర్త భార్యకు తోకచుక్క తత్త్వమును చెప్పుచు సంఘసంస్కరణమును ఆ మాటలోనికే తెచ్చును. ఛందస్సును గూర్చియే ఈ కృతిని మనము ఎక్కువగా చర్చించితిమి. శాస్త్రవార్త తెలుగింటిలో ఇంటిమాటయైన తీరునకు ఇంతకంటె మంచి పత్రము ఆ కాలమున నాకు కనబడలేదు. కవి విజయనగరమువాడైనను అచ్చువేసిన యూరు బందరగుట యాదృచ్ఛికమని త్రోసివేయరాదు.

శాస్త్రమును గూర్చి మాటాడుటకు మాటలుండవలెను. నందిగామ ప్రాంతపు పెనుగంచిప్రోలున 1877లో జన్మించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, బెజవాడకు చెందిన అయ్యదేవర కాళేశ్వరరావుగారు మున్నగువారితో కలిసి 1906లో హైదరాబాదున స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి ఆ కొరతను తీర్చ యత్నించెను. పండితులు సంస్కృత ధాతువులనుండి పరిభాషను నిర్మించిరి. గోష్ఠి తన దారిని తాను పోయెను. 'ధూమశకటము' పుస్తకములలో నిలిచినది. జనులకు అది పొగబండి, తరువాత రైలు. వాదులాడుకొనువాడు నోటికి తేలికైన మాటనే యేరుకొనును. నిఘంటుకర్తలు ఈ సంగతిని ఆలస్యముగా గుర్తించిరి.

గ్రంథాలయోద్యమము ఈ గోష్ఠులకు కప్పును, దీపమును సమకూర్చినది. బెజవాడలో రామమోహన గ్రంథాలయము 1911లో ఏర్పడినది. 1914 ఏప్రిల్ 10వ తేదీన ఆంధ్రదేశ గ్రంథభాండాగార ప్రతినిధుల తొలి మహాసభ అదే పట్టణమున చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి యధ్యక్షతన జరిగెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికి ప్రధాన కారకులు. అక్షరాస్యులు కొద్దిమందియే యగుటచే గ్రామ పఠనమందిరమున పత్రికను చదువువాడొకడు, వినువారు పలువురు. చదువువాడు నడుమ నడుమ ఆగవలెను, అర్థము చెప్పవలెను, ప్రశ్నకు బదులీయవలెను. ఆ విరామములలోనే గోష్ఠి పుట్టినది. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో పెదపులివర్రు, కొల్లూరు ప్రాంతపు కాలువపై పడవ గ్రంథాలయము నడచినది. ధాన్యమునకు త్రవ్విన కాలువపై పుస్తకములు వెడలుట ముచ్చటయైన సంగతి.

ముచ్చటలతో సరిపెట్టుకొనరాదు. రచ్చబండకు ఎవరు రాగలిగిరి? మాలమాదిగ పల్లెలు ఊరికి ఎడముగ నుండెను. ఊరి నడుమ అరుగుమీద వార్త చదువుచుండగా సమానముగా కూర్చుండి ఎదురు ప్రశ్న వేయుటకు వారికి చాలకాలము చోటులేదు. స్త్రీలకును లేదు. 1902లో ఏలూరున సత్తిరాజు సీతారామయ్యగారు 'హిందూసుందరి'ని ప్రారంభించుటను బట్టి స్త్రీలలో చదువరులు ఉండిరనియు, వారికి వేరు వేదిక వలసెననియు తెలియుచున్నది. నూతికడను, కాలువరేవునను, మధ్యాహ్నపు వసారాలోను సాగిన వారి సంభాషణమును ఎవ్వరును వడగళ్లుగా కూర్చి యచ్చువేయలేదు. ప్రజాభిప్రాయమని మనము ఆ కాలపు పత్రికలనుండి ఎత్తిచూపునది నిజమునకు అరుగెక్కగలవారి యభిప్రాయము మాత్రమే. ఈ పరిమితిని చెప్పక వ్రాసిన వ్యాసములు మన విశ్వవిద్యాలయములలో చాల వెలువడినవి.

బెజవాడ గోష్ఠి వేరు తీరుది. 1921 మార్చి, ఏప్రిల్ నెలల సంధిలో అఖిలభారత కాంగ్రెసు సంఘ సమావేశ మిచట జరిగినప్పుడు మహాత్ముని చూడవచ్చిన జనసమూహముతో ఈ పట్టణము రాజకీయ కేంద్రమైనది. పింగళి వెంకయ్యగారు పతాకమును సమర్పించినది ఆ సందర్భముననే. తరువాతి కాలమున పత్రికలే యిచటికి నడచివచ్చినవి. విశాలాంధ్ర 1952లో దినపత్రికగా వెలసెను. ఆంధ్రప్రభ 1959లో చెన్నపట్టణమునుండి తరలివచ్చెను. ఆంధ్రజ్యోతి నార్ల వెంకటేశ్వరరావుగారి సంపాదకత్వమున 1960లో పుట్టెను. బందరున గోష్ఠి ఒక సంపాదకుని చుట్టు తిరిగినది. బెజవాడలో కాఫీహోటలు బల్ల చుట్టు తిరిగినది. అచట పెద్దరికము లేదు. కాంగ్రెసువాడును, కమ్యూనిస్టును ఎదురెదురుగా కూర్చుండి, వేర్వేరు పత్రికలను చూపి ఒకే వార్తపై పోట్లాడుకొనవచ్చును.

1948 డిసెంబరు 1వ తేదీన ఆకాశవాణి విజయవాడ కేంద్రము ప్రారంభమైన పిదప వార్తకు చదువరి యక్కర తీరినది. పంచాయతీ రేడియో ముందు కూర్చున్నవారందరును ఒక్కసారే వినిరి. ఆగి అర్థము చెప్పువాడు లేడు. కావున గోష్ఠి వార్తల నడుమగాక వార్తల తరువాత సాగెను. చిన్న మార్పుగా కనబడునుగాని పెద్దదే. చదువువాని పెత్తనము దానితో పోయినది.

1957 అక్టోబరు 4వ తేదీన సోవియటు దేశము స్పుత్నిక్‌ను ఆకాశమునకు పంపెను. శాస్త్రచరిత్రలలో అది శాస్త్రవార్త. కృష్ణా మండలమున అది యంతమాత్రమే కాజాలదు. రెండేండ్ల క్రిందట, 1955 మధ్యంతర యెన్నికలలో, ఆంధ్ర రాష్ట్ర శాసనసభలోని 196 స్థానములలో కమ్యూనిస్టులకు 15 మాత్రమే దక్కినవి. ఆ యోటమి పచ్చిగానున్న యూళ్లలో రష్యా ఉపగ్రహము భూమిచుట్టు తిరుగుచున్నదన్న వార్త ఒక పక్షమునకు ఊరట, వేరొక పక్షమునకు చిరాకు. ఆ సంవత్సరముననే, 1952లో గండిపడిన పాత యానకట్టకు మారుగా ప్రకాశము బరాజు పూర్తియైనది. నేలమీది యంత్రవిద్యయు, ఆకాశమున యంత్రవిద్యయు ఒక్కమారే మాటకు వచ్చినవి. ఒకటి ఎవరి ఘనత, వేరొకటి ఎవరి ఘనత యన్నది పార్టీల లెక్క.

1979లో అమెరికావారి స్కైలాబు కూలునన్న వార్త తెలుగు పల్లెలను గడగడలాడించినది. కోళ్లను, మేకలను కోసికొని తినివేసిరన్న కథలు నేటికిని నవ్వుతో చెప్పుకొందురు. జూలై 11వ తేదీన దాని తునుకలు హిందూమహాసముద్రమునను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను పడినవి. 1910 నాటి తోకచుక్క భయముతో దీనిని పోల్చి, డెబ్బది యేండ్లలో జనులు మారలేదని తేల్చుట సులభము. నేను ఒప్పుకొనను. కృష్ణా డెల్టాకు సంబంధించినంతవరకు స్కైలాబు వార్తకు ముందు 1977 నవంబరు 19వ తేదీ యున్నది. ఆ దినమున దివిసీమను ఉప్పెన ముంచివేసినది. పదివేలకు పైగా జనులు మరణించిరి. తుపాను వార్త రేడియోలో వచ్చినది. అది ఎచట తాకును, ఎంత నీరు లేచును అన్నది మాత్రము ఊళ్లకు తగిన రీతిని అందలేదు. అట్టి యనుభవము గలవారు రెండేండ్లు తిరుగకమున్నే ఆకాశమునుండి ఏదో పడునని రేడియోలో విన్నప్పుడు భయపడుట మూఢత్వము కాదు. వెనుకటి వార్తనుండి నేర్చిన పాఠము. నవ్వుకథలను సేకరించువారు ఈ కాలక్రమమును విడువరాదు.

బందరు రేవున ఎగురవేయు తుపాను సూచికలకు 1 మొదలు 11 వరకు అంకెలు కలవు. ఒకటి రెండు దూరపు హెచ్చరికలు. ఎనిమిది మొదలు పది వరకు మహాప్రమాదము. పదునొకండవది వాతావరణ కేంద్రముతో వార్తాసంబంధము తెగినదని తెలుపునది. సముద్రములోని పడవలకై యేర్పడిన యీ అంకెలు తీరగ్రామముల మాటలో చేరినవి. నేటికిని కార్తికమున ఈదురుగాలి లేచినచో, బందరున ఎన్నవ నంబరు వేసిరని మొదట అడుగుదురు. తక్కిన కబుర్లన్నియు ఆ యంకె విన్న తరువాతనే.