పద్మనాభ యుద్ధము

విజయనగరమునకును భీమునిపట్నమునకును నడుమ, గోస్తనీ తీరమున, అనంతపద్మనాభస్వామి వెలసిన కొండ ఉన్నది. 1794 జూలై 10వ తేదీ తెల్లవారుజామున ఆ కొండ చెంత జరిగిన పోరు గంటసేపైనను సాగలేదు. విజయనగర ప్రభువు చిన విజయరామరాజు, తన్ను విడువని రాచకుటుంబముల ప్రముఖులతో కూడ అక్కడనే నేలకొరిగినాడు. వారిపై దాడి చేసినది కర్నల్ ప్రెండర్‌గాస్టు నడిపిన ఈస్టిండియా కంపెనీ సేన.

ఆ కంపెనీ సేనను ఈ సీమకు పిలిచినది విజయనగరమే. బొబ్బిలి యుద్ధము జరిగిన మరుసటి ఏడు, 1758లో, ఫ్రెంచివారి పొత్తు గిట్టని ఆనందరాజు ఇంగ్లీషువారికి కబురంపినాడు. కలకత్తా నుండి కర్నల్ ఫోర్డు వచ్చినాడు. డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడినారు. 1765లో మొగలు పాదుషా ఫర్మానాతో ఉత్తర సర్కారులు కంపెనీకి దత్తమైనవి. సాయమునకు వచ్చినవాడు పేష్కషు వసూలు చేయు దొర అయినాడు.

ఇట్టి అనుభవము మనకే ప్రత్యేకము కాదు. 1640లో స్పెయిను రాజు ఏలుబడిలోని కటలోనియా రైతులు, తమ ఇండ్లలో మకాము పెట్టిన రాజసైనికుల ఆగడములు ఓర్వలేక తిరుగబడినారు. మరుసటి ఏడు అక్కడి పెద్దలు ఫ్రెంచి రాజును తమ ప్రభువుగా అంగీకరించినారు. ఆయన సైనికులును అటులే బరువైనారు. 1652లో బార్సెలోనా మరల స్పెయిను రాజునకు లొంగినది. 1659 నాటి సంధిలో కటలోనియా ఉత్తరభాగము ఫ్రాన్సు పాలైనది.

మరల విజయనగరమునకు వత్తము. పేష్కషు బకాయి పేరిట 1793లో కంపెనీ కోటను పట్టుకొన్నది. నెలకు 1,200 రూపాయల భరణము తీసికొని మచిలీపట్నము పోవలసినదని రాజును శాసించినది. ఆయన పద్మనాభము చేరి అక్కడనే నిలిచిపోయినాడు. సుమారు 4,000 మంది వెంట నిలిచినారు.

యుద్ధానంతరము రాజకుమారుడు నారాయణబాబు కొండ జమీందారుల అండ చేరినాడు. పాలన సాగించుట దుర్ఘటమై, తుదకు కంపెనీయే రాజీకి దిగి అతనికి సంస్థానమును తిరిగి ఇచ్చినది. అయితే కురుపాము, పాచిపెంట మొదలగు కొండ జమీలను విడదీసి నేరుగా తన క్రిందనే ఉంచుకొన్నది. బొబ్బిలి కూడ మరల వేరు జమీ అయినది. 1802 నాటి శాశ్వత శిస్తు ఒప్పందమున విజయనగరమునకు 1,157 గ్రామములు, 5 లక్షల రూపాయల పేష్కషు నిర్ణయమైనవి.

పద్మనాభమున పోయినది రాజు ప్రాణము. కాగితముపై పోయినది, మరొకసారి ఎదిరించుటకు కావలసిన అండ. వీరగాథలు చెప్పుకొనునపుడు ఈ రెండవ నష్టమును కూడ మనము లెక్కింపవలెనని మా మనవి.