టి. నగర్ అంగళ్ళు: ఒకే వీధిలో రెండు తెలుగులు

టి. నగర్ పేరు చెప్తే ఇప్పుడు ఎవరికైనా రంగనాథన్ వీధి తోపులాట, ఉస్మాన్ రోడ్డు బంగారం అంగళ్ళు, దీపావళి ముందు వచ్చిపడే జనం గుర్తుకొస్తారు. ఆ పేట కట్టింది మాత్రం వ్యాపారానికి కాదు, కాపురాలకు. నేను చదువుకునే రోజుల్లో కూడా మా వీధి మధ్యాహ్నం పూట చప్పుడు లేకుండా ఉండింది. ఇంటికి కావలసినవన్నీ నాలుగు అడుగుల్లో దొరికేవి. ఎక్కడ ఏం కొనేవాళ్ళం అన్నదానికంటే, కొనేటప్పుడు ఏ మాట వాడేవాళ్ళం అన్నది మన చరిత్రకు ముఖ్యమని నాకు అనిపిస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు పేట సంగతి. 1920లో మద్రాసు పట్టణ ప్రణాళిక చట్టం వచ్చింది. అప్పట్లో నుంగంబాక్కం నుంచి సైదాపేట వైపు పొడుగ్గా ఒక చెరువు ఉండేది, ఇంగ్లీషువాళ్ళు లాంగ్ ట్యాంక్ అనేవాళ్ళు. 1923 ప్రాంతంలో ఆ నీళ్ళు తీసేసి నేల మీద ఇళ్ళ స్థలాలు వేశారు. (పడమటి మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు ఇప్పటికీ ఉంది. చెరువే లేదు.) కొత్త పేటకు పెట్టిన పేరు సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారిది. ఆయన 1852లో పుట్టి 1925లో పోయారు, తెలుగు మాట్లాడే దేవాంగుల కుటుంబం, జస్టిస్ పార్టీని నిలబెట్టినవాళ్ళలో ఒకరు. పేట నడిమధ్య పార్కుకు పెట్టింది పానగల్ రాజా పేరు. అంటే 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాజధానికి ప్రధానమంత్రిగా ఉన్న పానుగంటి రామరాయణింగారు. ఊరి పేరూ, పార్కు పేరూ రెండూ తెలుగువాళ్ళవే. ఇవాళ ఆ పార్కు పక్కన మెట్రో గుంతలు దాటుకుని పోయే మనవాళ్ళలో ఎంతమందికి ఇది తెలుసో!

మా తాత వాషర్‌మన్‌పేట వైపు నుంచి ఇక్కడికి ఇల్లు మారినప్పుడు చుట్టూ తోటలే అని మా అవ్వ చెప్పేది. పెద్ద కొనుగోళ్ళకు అందరూ "పట్నం" పోవాల్సిందే. పట్నం అంటే జార్జ్ టౌను. మద్రాసులోనే కాపురం ఉంటూ "రేపు పట్నం పోయొస్తాం" అనేవాళ్ళం. చెన్నపట్నం అన్న పాత పేరు మా నోట్లో అలా ఆ నాలుగు వీధులకే మిగిలిపోయింది. 1931లో బీచ్ నుంచి తాంబరం దాకా కరెంటు రైళ్ళు వచ్చాక మాంబళం స్టేషన్లో ఎక్కి బీచ్‌లో దిగితే కొత్వాల్ చావడి దగ్గరే. ఆ కూరగాయల మార్కెట్టు ఆర్యవైశ్యుల కన్యకా పరమేశ్వరి దేవస్థానం వాళ్ళది. మిరపకాయలకూ పప్పులకూ గోవిందప్ప నాయకన్ వీధి, గుడ్డలకు గోడౌన్ వీధి. పెళ్ళి సరుకంతా అక్కడినించే వచ్చేది.

మామూలు రోజుల్లో అంత దూరం ఎవరు పోతారు? వీధి చివర మళిగె అంగడి, గంప నెత్తిన పెట్టుకుని వచ్చే కూరగాయలామె, స్టేషను పక్క సందులో పూలూ తమలపాకులూ. గుడ్డలకు పాండీ బజారు. పట్టుకోక కావాలంటే 1928లో మొదలైన నల్లి ఉండనే ఉంది. పాండీ బజారు అన్న పేరుకు రెండు కథలు చెప్తారు: పాండిచ్చేరి నుంచి వచ్చిన వ్యాపారుల వల్ల అని కొందరు, డబ్ల్యు.పి.ఎ. సౌందరపాండియన్ పేరు నలిగి అలా అయిందని కొందరు. సర్కారు బోర్డు మీద మాత్రం "సౌందరపాండియనార్ అంగాడి" అని ఉంటుంది. ఆ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి.

మా ఇంట్లో అందరూ "అంగడి" అనేవాళ్ళు. "అంగడికి పోయి అర్ధరూపాయికి చక్కెర తీసుకొని రారా" అని అవ్వ పంపేది. 1940ల నుంచి సినిమావాళ్ళు టి. నగర్‌లో ఇళ్ళు తీసుకోవడం మొదలైంది. ఘంటసాల గారు, తరవాత బజుల్లా రోడ్డులో ఎన్.టి. రామారావు గారు, ఇంకా ఎందరో. వాళ్ళతోపాటు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వంటవాళ్ళు, డ్రైవర్లు, గుమాస్తాలు, మేనమామలు, మేనత్తలు దిగారు. హీరోలు ఉల్లిపాయలు కొనడానికి రారు కదా, వచ్చేది వంటవాళ్ళే. వాళ్ళకు అది "కొట్టు". మా అవ్వ "చక్కెర" అడిగిన చోటే వాళ్ళు "పంచదార" అడిగేవాళ్ళు. మాకు ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు. వాళ్ళకు ఉల్లిపాయలు, వెల్లుల్లి. మా బొరుగులు వాళ్ళకు మరమరాలు. మా శెనక్కాయలు వాళ్ళకు వేరుశనగకాయలు. మా ఉర్లగడ్డ వాళ్ళకు బంగాళదుంప. మేం "సరిగె" అంటే వాళ్ళు "జరీ" అనేవాళ్ళు.

మధ్యలో అంగడాయన. మా వీధిలో ఇద్దరు ఉండేవాళ్ళు. ఒకరు కోమటి శెట్టిగారు, మాలాగే పాత పట్నం తెలుగు. రెండో ఆయన తిరునెల్వేలి నుంచి వచ్చిన నాడారు, అందరం "అన్నాచ్చి" అనేవాళ్ళం. మద్రాసు మళిగె వ్యాపారంలో అన్నాచ్చిలు ఎంత కష్టపడి పైకి వచ్చారో తెలిసిందే. ఈ అన్నాచ్చి ఏ బడిలోనూ తెలుగు చదవలేదు. కానీ గుమ్మం ఎక్కే మనిషి మొహం చూసి "చక్కెర" అనాలో "పంచదార" అనాలో తెలుసుకునేవాడు. చాలా ఏళ్ళ తరవాత, నేను బ్యాంకులో చిన్న వ్యాపారుల రుణాలు చూసే సీట్లో ఉన్నప్పుడు, అలాంటి అంగళ్ళ లెక్క పుస్తకాలు ఎన్నో నా బల్ల మీదికి వచ్చాయి. తమిళ అక్షరాల్లో తెలుగు మాటలు! తమిళ లిపిలో ప, బ లకు ఒకటే అక్షరం, క, గ లకు ఒకటే. తెలిసినవాడు చదివితేనే అది బెల్లమో ఇంకోటో తేలుతుంది. ఆడిట్‌కు వచ్చినాయనకు పక్కన కూర్చుని చదివి చెప్తా ఉంటిని.

అసలు విషయం ఇప్పుడు. వచ్చినవాళ్ళ తెలుగు పత్రికల్లో, సినిమాల్లో, రేడియోలో వినబడే తెలుగు. మాది ఇంట్లో తెలుగు. కాబట్టి వాళ్ళది సరైనది, మాది అరవం కలిసిపోయిన తెలుగు అని ఒక మాట పడింది. మా అక్కలు సినిమావాళ్ళ ఇళ్ళకు పేరంటానికి పోయినప్పుడు "అంగడి ఏమిటే, కొట్టు అను" అని నవ్వేవాళ్ళు. నవ్వింది ప్రేమగానే. అయినా ఆ తరవాత మా అక్కలు వాళ్ళ ముందు తెలుగు తగ్గించి తమిళంలోకి దిగిపోయారు. మన ఇళ్ళలో తెలుగు ఎందుకు పోయిందని లెక్క తీస్తే అందరూ బడిని, సర్కారును అంటారు. నిజమే, 2006 తమిళ అభ్యాస చట్టం తరవాత పిల్లలకు తెలుగు అక్షరాలు ఇంకా దూరమయ్యాయి. కానీ దానికి నలభై ఏళ్ళ ముందే ఈ నవ్వు ఒక పద్దు రాసిపెట్టింది.

ఆ నవ్వులో పస ఉందా? కామర్స్ చదివినవాణ్ణి, భాషాశాస్త్రం నాకు రాదు. బ్యాలెన్సు చూడడం వచ్చు. అంగడి మాట తమిళం నుంచి అరువు తెచ్చుకున్నదైతే, మేం రోజూ వినే తమిళ మాటనే తెచ్చుకుని ఉండాలి. పక్కింటి తమిళవాళ్ళు అనేది "కడై". అంగాడి అన్నది వాళ్ళకు బోర్డు మీద మాట, శిలప్పదికారం మాట. పూంపుహారులో పగటి బజారుకు నాళంగాడి అని అందులో ఉంది. కన్నడంలో అంగడి, మలయాళంలో అంఙాడి, కడప అనంతపురాల్లో అంగడి, బ్రౌను నిఘంటువులో అంగడి. ఇది నాలుగు ఇళ్ళకూ ఉమ్మడి ఆస్తి. ఒకరి దగ్గర ఒకరు అప్పు తెచ్చుకున్నది కాదు.

ఇంకా తమాషా, కొట్టు అనేవాళ్ళ ఇళ్ళలోనే అంగడి దాక్కుని ఉంది. "అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది" అని గుంటూరు అత్తగారు కూడా అంటుంది. "కొట్లో అన్నీ ఉన్నాయి" అని ఎవరూ అనరు. పంచదార అనేవాళ్ళ గోదావరి లంకల్లో పండేది చక్కెరకేళి, పంచదారకేళి కాదు. జరీ అనేవాళ్ళు కూడా సరిగంచు చీర అంటారు. రోజూ వాడే మాట మారింది, సామెతలోనూ పండు పేరులోనూ పాత మాట నిలిచిపోయింది. మా దగ్గర ఆ మాట అంగడి మెట్టు మీదే ఉంది. అంతే తేడా.

అన్నీ అలాంటివే అని నేననను. ఉర్లగడ్డలో మొదటి సగం తమిళమే, "ఉరుళై" నుంచి వచ్చింది. ఆ గడ్డ తెల్లవాళ్ళతో ఓడలో వచ్చిన సరుకు, ఎక్కడివాళ్ళు అక్కడ ఒక పేరు కుట్టుకున్నారు. ఒకరు బంగాళం పేరు పెట్టారు, హైదరాబాదువాళ్ళు హిందీ ఆలు తెచ్చుకున్నారు. మేం ఊరివాళ్ళ దగ్గర తీసుకున్నాం. ఇక మళిగె కథ మరీ బాగుంటుంది. తమిళంలో మళిగై కడై అంటే పప్పులు, ఉప్పులు అమ్మేది. కన్నడంలో మళిగె అంటే ఇప్పటికీ వట్టి అంగడి. తెలంగాణలో మునిసిపాలిటీ వాళ్ళు అద్దెకిచ్చే గదులను మడిగెలు అంటారని పేపర్లో చూసి నేను ఎగిరి గంతేశాను. మడిగె, మళిగె ఒకే కుటుంబమని నా నమ్మకం.

తూకాల సంగతి కొంచెం. నేను పుట్టే నాటికే, 1957 ఏప్రిల్ 1 నుంచి, నయాపైసలు వచ్చేశాయి. కిలోలు 1958 నుంచి మెల్లమెల్లగా వచ్చాయి. అవ్వకు మాత్రం చివరిదాకా వీశెలే. వీశె అంటే 5 సేర్లు, 40 పలాలు, 120 తులాలు, ఇప్పటి లెక్కలో దగ్గర దగ్గర 1.4 కిలోలు. అవ్వ "అర్ధవీశె చింతపండు" అంటే అన్నాచ్చి 700 గ్రాములు తూచి, పైన చిటికెడు వేసేవాడు. ఆ చిటికెడు కొసరు. తమిళంలో కొసురు. తెలుగులో కొసరి కొసరి వడ్డించడం అందరికీ తెలుసు. బియ్యం కొలత దగ్గర మళ్ళీ రెండు తెలుగులు: మాకు పడి, వాళ్ళకు సోల, తవ్వ, మానిక. అన్నిటికంటే ముందు చచ్చిపోయింది కొసరే. కోఆపరేటివ్ స్టోర్లలో, తరవాత ప్యాకెట్లు అమ్మే చోట, కొసరు వేయడానికి చెయ్యి ఎక్కడుంది?

అరువు పుస్తకం ఇంకో లోకం. "అంగట్లో అరువు, తలమీద బరువు" అని నాయన అనేవాడు గానీ నెల చివర్లో మా పద్దు కూడా నడిచేది. వడ్డీ లేదు, సంతకం లేదు, జామీను లేదు. మా బ్యాంకు ఫారాల్లో ఎన్ని గడులు నింపినా అంత తక్కువ మొండిబాకీ నేను చూడలేదు.

1970ల నుంచి సినిమా మెల్లగా హైదరాబాదుకు పోయింది. వాళ్ళతో వంటవాళ్ళూ పోయారు, కొట్టూ పంచదారా పోయాయి. 1996లో కొత్వాల్ చావడి కోయంబేడుకు మారింది. ఇళ్ళు పడగొట్టి అయిదంతస్తుల అంగళ్ళు కట్టారు, మా శెట్టిగారి చోట ఇప్పుడు నగల షాపు కారు పార్కింగు ఉంది. 2019 నవంబరులో పాండీ బజారులో నడిచేవాళ్ళకు వెడల్పు బాట వేశారు, బాగానే ఉంది. అమ్మే పిల్లలు బీహారు నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు. పట్టుకోకల దగ్గర మాత్రం, పెళ్ళికి నెల్లూరు, తిరుపతి నుంచి వచ్చేవాళ్ళ కోసం తెలుగు వచ్చినవాణ్ణి తప్పకుండా పెడతారు. వాళ్ళలో కంచి వైపు నేత కుటుంబాల వాళ్ళు తగిలితే నాకు పండగ. సరిగె అంటారు.

కూరగాయలకు నేను రైలు కట్ట దాటి పడమటి మాంబళం పోతాను. అయోధ్యా మండపం ఉన్న ఆర్యగౌడ రోడ్డు చుట్టుపక్కల సందుల్లో చిన్న అంగళ్ళు ఇంకా మిగిలాయి. ఒక ముసలామె దగ్గర "ఎర్రగడ్డలు ఎట్లమ్మా?" అంటే తెలుగులోనే జవాబు చెప్తుంది, రూపాయలు మాత్రం తమిళంలో లెక్క పెడుతుంది. లెక్కలు బడి భాషలో పోతాయి, సరుకుల పేర్లు ఇంటి భాషలో ఉంటాయి. మా ఇంట్లోనూ అంతే. గుడియాత్తం, ఆంబూరు, హోసూరు వైపు మనవాళ్ళు కూడా అంకెలకు తమిళమో కన్నడమో వాడతారా? కొసరుకు వాళ్ళ దగ్గర వేరే మాట ఉందా? పెద్దవాళ్ళను అడిగి రాసిపెట్టండి, ముఖ్యంగా అరువు పుస్తకం ఇంట్లో ఇంకా ఉన్నవాళ్ళు.