ద్రాక్ష తొక్కా, రక్తనాళమూ

వెన్న, చీజు దండిగా తినే ఫ్రెంచివాళ్ళకి గుండెపోట్లు అంత తక్కువెందుకు? 1991 నవంబరులో అమెరికా టెలివిజన్‌లో సిక్స్‌టీ మినిట్స్ వేసిన ప్రశ్న ఇది. సెర్జ్ రెనో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఎర్ర వైనుని చూపించాడు. అంతే, ఇక్కడ దాని అమ్మకాలు అమాంతం పెరిగాయి. మన విందుల్లో "గుండెకి మంచిదటండీ" అంటూ గ్లాసు అందుకునేవారి ధైర్యం కూడా ఆనాటిదే.

అసలు కథ అంతకు ముందే బ్రూక్లిన్‌లో, కుందేలు రక్తనాళపు ముక్కల మీద మొదలయింది. ఎసిటైల్‌కోలిన్ బతికున్న జంతువులో రక్తనాళాల్ని సడలిస్తుంది. రాబర్ట్ ఫర్చ్‌గాట్ ముక్కల మీద పోస్తే మాత్రం అవి ముడుచుకునేవి. ఈ తిరకాసు ఏళ్ళ తరబడి తేలలేదు. 1978లో సహాయకుడొకరు ప్రయోగంలో ఏదో తారుమారు చేస్తే ముక్క సడలింది! కారణం వెతకగా, ముక్కలు తయారుచేసేటప్పుడు నాళం లోపలి పల్చని పొర రాసుకుని ఊడిపోతోందని బయటపడింది. పొర ఉంటే సడలింపు, ఊడితే ముడత. అంటే సడలమనే కబురు ఆ పొర నుంచే వస్తోందన్నమాట. (బగ్ వెతకబోతే ఫీచరు దొరకడం మా సాఫ్ట్‌వేరు వాళ్ళకీ అలవాటే.)

ఆ కబురు మోసేది నైట్రిక్ ఆక్సైడ్ అని 1986లో ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో విడివిడిగా ప్రతిపాదించారు. కారు పొగలో ఉండే వాయువు ఒంట్లో ఇంత పని చేస్తుందంటే నమ్మడం కష్టమే. మరుసటి ఏడు ఇంగ్లండులో సాల్వడార్ మోంకాడా బృందం దాన్ని కొలిచి చూపించింది. 1998 నోబెల్ బహుమతి ఫర్చ్‌గాట్, ఇగ్నారో, ఫెరిడ్ మురాద్‌లకు వచ్చింది. మోంకాడాకి రాలేదు; నా మటుకు నాకు అది అన్యాయమే. నైట్రోగ్లిసరిన్ నుంచి ఈ వాయువే వెలువడుతుందని 1977లో చెప్పినవాడు మురాద్. డైనమైట్‌లో ఉన్నదీ నైట్రోగ్లిసరినే, చివరి రోజుల్లో ఆల్ఫ్రెడ్ నోబెల్‌కి వైద్యులు రాసిన గుండె మందూ అదే. మన పెద్దవాళ్ళు నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్రదీ ఇదే పద్ధతి.

ఇక ద్రాక్ష. 1993లో డేవిడ్ ఫిట్జ్‌పాట్రిక్ బృందం వైను, ద్రాక్షరసం, ద్రాక్ష తొక్కల సారం ఎలుకల రక్తనాళాల మీద వేసి చూసింది. లోపలి పొర ఉన్న ముక్కలు సడలాయి. పొర తీసేసినవి కదల్లేదు. నైట్రిక్ ఆక్సైడ్ తయారీని అడ్డుకుంటే సడలింపు ఆగిపోయింది. పళ్ళ గుజ్జుకి ఆ గుణం దాదాపు లేదు, అంతా తొక్కలోనే. తొక్కలో ఉండే క్వెర్సెటిన్ పనిచేసింది, రెస్వెరట్రాల్ పనిచెయ్యలేదు. ఆ తరవాత సీసాల్లో గోలీలుగా జోరుగా అమ్ముడుపోయింది మాత్రం రెస్వెరట్రాలే!

1999లో విస్కాన్సిన్‌లో గుండెజబ్బున్న 15 మందికి రెండు వారాలు ఊదారంగు ద్రాక్షరసం తాగిస్తే వాళ్ళ రక్తనాళాలు మునుపటికన్నా బాగా వెడల్పయాయి. చిన్న ప్రయోగం, రసం తాగనివారితో పోల్చి చూడలేదు. పైగా రసంలో చక్కెర ఎక్కువ, మధుమేహం ఉన్న మన ఇళ్ళలో అది చిన్న విషయం కాదు. గుండె మందులకు ఇది బదులూ కాదు. హైదరాబాదు అనాబెషాహీ ద్రాక్షకైతే ఆ ఊదారంగే లేదు.

మద్యం ఎంత తక్కువైనా పూర్తిగా సురక్షితం కాదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ద్రాక్షరసాన్ని పులియకుండా సీసాలో నిలవచెయ్యడం 1869లోనే న్యూజెర్సీలో సాధ్యమయింది. చర్చిలో వైనుకి బదులు వాడుకోవాలని థామస్ వెల్చ్ అనే దంతవైద్యుడు చేసిన పని అది.