పిలుపును ధైర్యమును: దోర్నకలు బిషప్పు అజరయ్య చరిత్రమును గూర్చిన విచారము

క్రైస్తవ మతగ్రంథములందు ‘పిలుపు’ అను మాట లోకసామాన్యమైన యర్థమును మించి ప్రయోగింపఁబడినది. దేవుఁడు మనుష్యుని నొక కార్యమునకు నియోగించుటయే యా పిలుపు. సంస్కృతమున దీనికి సమానమగు ఆహ్వానశబ్దము హ్వేఞ్ ధాతువువలనఁ బుట్టినది. ఆ ధాతువునకు ధాతుపాఠమునఁ బలుకుట యొకటి, స్పర్ధ యొకటి యని రెండర్థములు చెప్పఁబడినవి. ఆఙ్ అను నుపసర్గతోఁ గూడి స్పర్ధార్థమున వర్తించునపుడు దానికి ఆత్మనేపదమును బాణిని విధించెను. మల్లుఁడు వేఱొక మల్లుని బాహుయుద్ధమునకుఁ బిలుచుట వైయాకరణు లిచ్చు నుదాహరణము. కాఁబట్టి పిలుచుటలోనే ‘నీవు నిలువఁగలవా?’ యను ప్రశ్న గర్భితమై యుండవచ్చును. దైవాహ్వానమునకు బదులు చెప్పువానికి ధైర్య మేల కావలసివచ్చునో యీ రెండర్థములును గలిపి చూచినఁ దెలియును.

బైబిలునందలి ప్రవక్తలలో ననేకులు పిలిచినతోడనే యుత్సాహముతో బయలుదేఱినవారు కారు. మోషే తాను మాటనేర్పు లేనివాఁడ ననెను. యిర్మీయా తాను బాలుఁడ ననెను. యోనా తర్షీషునకుఁ బోవు నోడ నెక్కి పాఱిపోఁజూచెను. బాలుఁడగు సమూయేలు దేవుని స్వరమును మొదట గురువుగారి స్వర మనుకొని మూఁడు మాఱులు గురువుకడకే పరుగెత్తెను. వీరి కథలవలన రెండు విషయములు స్పష్టమగుచున్నవి. భయము లేకుండుట ధైర్యము కాదు. భయముండఁగానే లేచి నడచుట ధైర్యము. రెండవది, దైవాహ్వానము తఱచుగా మనుష్యస్వరముగనే మొదట వినఁబడును. ఈ రెంటికిని మన దేశచరిత్రమున, అందును దెలుఁగునేలపై, గొప్ప నిదర్శన మొకటి కలదు.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీని తిరునల్వేలి ప్రాంతమున వెళ్లాలన్‌విళై గ్రామమున జన్మించెను. తండ్రి యాంగ్లికన్ సంఘమున గురువు. అజరయ్య యను హీబ్రూ నామమునకు ‘దేవుఁడు సహాయము చేసెను’ అని యర్థము. ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలోఁ జదివి, పట్టము పొందకయే బయటికి వచ్చి, 1895 మొదలు వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగాఁ బనిచేసెను. 1902లో జాఫ్నాకుఁ బోయి, యచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొమ్ముతోఁ దమవారినే సువార్తసేవకుఁ బంపుచుండుటను జూచెను. ఎన్నో తరములుగాఁ గ్రైస్తవులై యున్న తిరునల్వేలివారు దీని నేల చేయరాదన్న ప్రశ్న యాయనను వదలలేదు. తత్ఫలితముగా 1903 ఫిబ్రవరి 12వ తేదీని పాళయంకోటలో తిరునల్వేలి భారతీయ మిషనరీ సంఘము స్థాపింపఁబడెను. మనుష్యులును, ధనమును, నిర్వహణమును భారతీయములే కావలె నన్నది దాని నియమము. అప్పటి నిజాము రాజ్యమునఁ జేరి, నేఁడు తెలంగాణమున మహబూబాబాదు జిల్లాలో నున్న దోర్నకలు దాని సేవాక్షేత్ర మయ్యెను. 1905లో సేరంపూరున నేర్పడిన జాతీయ మిషనరీ సంఘమునకుఁ గూడ అజరయ్యయే కార్యదర్శి. ఊరూరఁ దిరిగి యువకులను ‘పొండు’ అని ప్రోత్సహించుట యాయన పని యయ్యెను.

ఇచట వ్యాకరణమునుండి యొక పోలికను దీసికొందును. ‘పోవుచున్నాఁడు’ అన్నచోఁ బోవువాఁడు కర్త. ‘పంపుచున్నాఁడు’ అన్నచోఁ బంపువానికి హేతుకర్త యని పేరు. శాస్త్రమున హేతుకర్తయుఁ గర్తయే. కాని కాలికి ముల్లు గ్రుచ్చుకొనునది పోవువానికే. 1909 వఱకు అజరయ్య హేతుకర్తగా నుండెను. అది నిందార్హమైన స్థితి కాదు. పంపువారు లేక పోవువారు లేరు. అయినను, ఇతరులకుఁ దాను వినిపించుచున్న పిలుపే తిరిగి తన చెవినిఁ బడినపుడు, సమూయేలువలె నది యెవరి స్వరమో యాయన తెలిసికొనెను. దేశవిదేశములఁ బరిచయములు గల యుద్యోగమును విడిచి, 1909లో గురుపట్టాభిషేకము పొంది, ముప్పదియైదేండ్ల వయస్సున భార్యాబిడ్డలతో దోర్నకలు చేరెను.

అచ్చట మోషే చెప్పిన కష్టమే యాయనకును ఎదురయ్యెను. తమిళమును, ఇంగ్లీషును అనర్గళముగా మాటలాడువాఁడు తెలుఁగున బాలశిక్షనుండి మొదలిడవలసి వచ్చెను. తమిళలిపిలోఁ గ, గ లకును, ప, బ లకును భేదము చూపు నక్షరములు లేవు, మహాప్రాణములు లేవు. ఆ లిపిలోఁ బెరిగినవాని కీ భేదములు నాలుకకుఁ బట్టుట సులభము కాదు. సభలలోఁ గీర్తి గడించినవాఁడు పల్లెలలో బాలురకంటెఁ దక్కువగా మాటలాడుటకు సిద్ధపడుట చిన్న ధైర్యము కాదు. ఆయన తెలుఁగు నేర్చి యా భాషలోనే బోధించెను.

ధైర్యమునకు రెండవ పరీక్ష 1910లో వచ్చెను. ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభకు దాదాపు 1200 ప్రతినిధులు రాఁగా, వారిలో ఆసియావాసు లిరువదిమందికి మించలేదు. ఆ సభలో అజరయ్య పాశ్చాత్య మిషనరీల త్యాగములను గృతజ్ఞతతోఁ గొనియాడి, భారతీయులతో వారికి సమానుల స్నేహము కొఱవడినదని చెప్పి, ఆ స్నేహమునే కోరెను. ఈ మాటలు కొందఱకు రుచింపలేదు. మద్రాసు బిషప్పగు హెన్రీ వైట్‌హెడ్ ఆయనను బిషప్పుగాఁ జేయఁదలఁచినపుడు, భారతీయుని క్రిందఁ బాశ్చాత్యు లెట్లు పనిచేయుదు రన్న యాక్షేపణలు బయలుదేఱెను. అయినను 1912 డిసెంబరు 29వ తేదీని, కలకత్తాలోని సెయింట్ పాల్ ప్రధానదేవాలయమున, ఆంగ్లికన్ సంఘమునఁ బ్రథమ భారతీయ బిషప్పుగా నాయన యభిషిక్తుఁ డయ్యెను. 1945 జనవరి 1వ తేదీని మరణించువఱకును ఆ సంఘమున నొక మండలమును బాలించిన భారతీయ బిషప్పు ఆయన యొక్కఁడే. 1939 జనవరి 6వ తేదీని ప్రతిష్ఠింపఁబడిన దోర్నకలు దేవాలయమున దేశీయమగు దేవాలయశిల్పమును, మహమ్మదీయ శిల్పమును గలసి యుండుట నేఁటికిని జూడవచ్చును. ఆయన పాటుపడిన సంఘైక్యము 1947 సెప్టెంబరు 27వ తేదీని దక్షిణ భారత సంఘముగా సిద్ధించెను. దానిని జూచుట యాయనకుఁ బ్రాప్తింపలేదు.

ఒక బిషప్పు ధైర్యమునే చెప్పి విరమించినచో నీ చరిత్ర మసంపూర్ణ మగును. దోర్నకలు మండలమునఁ గ్రైస్తవులైనవారిలో నధికులు మాల, మాదిగ కులములవారు. భూస్వాముల పొలములలోఁ గూలికిఁ బనిచేయువారు క్రొత్త నడవడి నవలంబించుట, ఉత్సవములలో డప్పు వాయింపమనుట, వారి జీవనాధారమునకే ముప్పు తెచ్చుకొనుట. అజరయ్య పిలుపునకు బదులు చెప్పి గౌరవమును గూడఁ బొందెను. వీరు బదులు చెప్పి పేరైన మిగులకుండఁ బోయిరి. వారి ధైర్యము లేక యాయన సేవకు ఫలము లేదు.

తుదకు మొదటి ప్రశ్నకు వత్తము. దేవుఁడే పిలుచుచో మనుష్యుని ధైర్యమునకుఁ దావేది? పంపఁబడినవాఁడు పంపినవాని చేతిలోఁ బనిముట్టు మాత్రమే కాఁడా? వైయాకరణులు దీనికిఁ దగిన సమాధానమును మనకందిచ్చిరి. స్వతంత్రుఁడే కర్త యని శాస్త్రము. ప్రేరేపింపఁబడిన కర్తయుఁ దన క్రియయందు స్వాతంత్ర్యమును గోలుపోఁడు; వాఁడు చేయ నిచ్చగింపనిచోఁ బ్రేరణ నిష్ఫలమగును. కత్తికి ధైర్యము లేదు, కావలసియు నుండదు. పోక మానఁగలిగియుఁ బోవువానికే యది యుండును. యోనా యెక్కిన యోడ యందఱకును రేవున సిద్ధముగనే యుండును. అజరయ్యకుఁ గూడ మద్రాసున నుండిపోవుటకుఁ దగిన కారణము లెన్నియో యుండెను. దోర్నకలు గ్రామమునఁ బొలమునఁ బనిచేయు కూలివానికి మిన్నకుండుటకు నంతకంటెను బలవత్తరములైన కారణము లుండెను. ఆ కారణముల నెఱిఁగియు, భయము తీఱకయే, లేచి పోవుటను ధైర్య మందుము. పిలుపు దేవునిది, పోవుట మనుష్యునిది.